తెరమీద పచ్చదీపాలు

అమ్మా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే రాజాంలో ఆఫీసుకి వచ్చేశాను. ఇక్కడి ఒక ఆసుపత్రి కంప్యూటర్లు మొరాయించబోతే ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. అది లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీద నడిచేది. ఆసుపత్రి వాళ్లు విండోస్ అనే ఇంకో వ్యవస్థకి మారుతున్నారని, దాన్ని అందులో నడిచేలా మార్చే పని నాకిచ్చారు. మార్చి చూస్తే, అన్ని కంప్యూటర్లూ బాగున్నాయన్నట్టు తెరమీద అన్నీ పచ్చదీపాలే. ఒక్కదానికీ ఏ ఇబ్బందీ లేదా అని నాకు అనుమానం వచ్చింది.

"పచ్చగా ఉంటే ఏడుస్తావేటమ్మా? రేపు ఇచ్చీయాల," అన్నారు మా సీనియర్ అప్పలరాజు గారు.

ఒక కంప్యూటర్‌కి కావాలనే ఊపిరాడనంత పని పెట్టాను. అయినా పచ్చగానే ఉంది. లినక్స్ చెప్పే పనిభారం అంకె విండోస్‌లో లేదు. అది దొరకకపోతే మా ప్రోగ్రాం సున్నా అనుకుని, అంతా బాగుందని చెబుతోంది.

కొలవలేని చోట 'తెలియదు' అని చూపేలా మార్చాను. సగం తెర బూడిదరంగుకి తిరిగింది.

"ఇది సూపిస్తే ఆసుపత్రోళ్లు మనల్ని ఉంచుతారేటి?" అని ఆయన తల పట్టుకున్నారు. అయినా అలాగే పంపాను.

చదువుకునేటప్పుడు హాస్టల్ నుంచి ఫోన్ చేసి బాగున్నానంటే నువ్వెప్పుడూ నమ్మలేదు. "మద్దేనం ఏటి తిన్నావో సెప్పు," అనేదానివి. తడబడితే దొరికిపోయేదాన్ని.

ఇప్పుడు నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు. నేను బాగున్నాననగానే పెట్టేస్తున్నాడు.