పద్నాలుగు చుట్లు

మహేంద్రమంగళం,
మార్చి 3.

ప్రియమైన చెల్లి శాంతికి,

లోకనాథన్ అన్న రాసేది. ఎప్పటిలాగే ఇదీ మనిద్దరి మధ్యనే ఉండాల. అవ్వ మనకు నేర్పిన ఈ తెలుగు అక్షరాలు మీ వదిన గౌరమ్మకు రావు, తమిళంలో చదివిన మా పాప మోనిషాకూ రావు. ఫోన్లో మాట్లాడితే ఇల్లంతా వింటుంది. మెసేజీ పెడితే మోనిషా చూస్తుంది. కాగితమే మేలు.

నేనొక పడవ చేస్తా ఉండాను. బొమ్మ పడవే, కానీ అయిదడుగుల పొడవు. థర్మాకోల్ దిమ్మ మీద ఫైబర్ గుడ్డ అతికించి షాపు వెనకాల ఆరబెట్టినాను. రిమోటుతో నడవాల. వెనక తాడు లాక్కొని నీళ్ళలో పడిన మనిషి దగ్గరికి పోవాల.

పోయిన ఏడు క్వారీ గుంటలో మా పక్కింటి మునియక్క జారిపోయిన దినం గట్టు మీద తాడు పట్టుకొని నిలబడింది నేనే. మూడుసార్లు విసిరినాను. మూడుసార్లూ ఆమెకు నాలుగు బారల ఇవతలే పడింది. నాకు ఈత రాదు. నాలుగోసారి తాడు చుట్టుకొని తలెత్తితే నీళ్ళ మీద ఎవరూ లేరు.

కొళాయి పది దినాలకొకసారి వస్తా ఉండాది. ఆ గుంట పక్కకు పోనని నా చేత ఒట్టు వేయించుకున్న గౌరమ్మే, గుడ్డల మూట ఎత్తుకొని ఆడికే పోతుంది. అడిగితే, "నేను జాగ్రత్తగా ఉతుక్కుంటాను, నువ్వు పోయి నీ మోటార్లు చూసుకో" అంటుంది. మునియక్కా జాగ్రత్త మనిషే.

నా దగ్గర రెండు మోటార్లు ఉండాయి. ఒకటి తొప్పూరు కనుమలో బోల్తా పడిన లారీ వైపర్‌ది. ఇంకొకటి టమాటా తోటలకు మందు కొట్టే డ్రోన్‌ది, కాయిల్ కాలిపోయింది. ఇరవై ఏండ్లుగా బావి మోటార్లకు కాయిల్ చుట్టేవాణ్ణి, పడవకు ఏది పెట్టాలో తెలియలేదు. నువ్వు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదానివి గదా. చెప్పు.

నీ మాట కోసం చూసే
అన్న

*

ధర్మపురి,
మార్చి 9.

ప్రియమైన అన్నకు,

జవాబు ఆలస్యమైంది. లెక్క మూడుసార్లు వేశాను. మూడుసార్లూ ఒకే సమాధానం వచ్చింది. అయినా నమ్మకం కుదరక నాలుగోసారి వేశాను. నా సంగతి నీకు తెలియనిదేముంది.

వైపర్ మోటారుకు బలముంది కానీ నడక ముసలివాళ్ళది. అది చేరేలోపు మనిషి ఉండడు. నీకు కావలసింది ఉత్త వేగం కూడా కాదు. తాడు తడిస్తే ఎంత బరువో నీకు చెప్పాలా? ఆ బరువును లాగుతూ పోవాలి. డ్రోన్ మోటారు పెద్ద రెక్కను తిప్పడానికి చేసింది, మరీ వేగంగా తిరగదు గానీ గట్టిగా తోస్తుంది. దాన్నే పెట్టు. పెద్ద ప్రొపెల్లర్ బిగించు. కాయిల్ విప్పేటప్పుడు పాత చుట్లు లెక్కపెట్టి అన్నే చుట్టు. రెండు ఎక్కువైనా ఫరవాలేదేమో. తక్కువ మాత్రం కాకూడదు.

ఇంత ధైర్యంగా రాశాను గానీ, రాస్తున్నంతసేపూ నాకు ఆ గుంటే కనిపిస్తోంది. నీళ్ళలోకి దిగడానికి, లారీలు రాయి మోసిన ఆ ఒక్క ఏటవాలు దారి తప్ప నాలుగు వైపులా కోసిన బండే. చేతికి పట్టు దొరకదు. మునియక్క పోయాక నేనొకసారి వచ్చి చూశాను, నీకు చెప్పలేదు. నీళ్ళు ఎంత పచ్చగా, ఎంత కదలకుండా ఉన్నాయో. పడవను నడిపించాలంటే నువ్వు ఆ అంచుకు పోవాలి. ఎవరినో కాపాడే వస్తువు తయారు చేయడానికి నీకు సాయం చేస్తున్నానో, నిన్నే ఆ నీళ్ళ దగ్గరికి తోస్తున్నానో నాకు తేలడం లేదు.

వద్దంటే వింటావా?

నిద్ర చెడిన
శాంతి

*

మహేంద్రమంగళం,
మార్చి 17.

ప్రియమైన శాంతికి,

మోటారు తయారు. పాత కాయిల్ పద్దెనిమిది చుట్లు ఉండె. నేను మందం తీగతో పద్నాలుగు చుట్టినాను. మన పక్క మోటార్లకు అట్లనే గదా చుట్టేది. లైన్లో కరెంటు సగం వచ్చినా తిరగాల. చెయ్యి దానంతట అదే పద్నాలుగు దగ్గర ఆగింది. నువ్వు తక్కువ కాకూడదంటివి, కానీ నా చుట్టుడు బాగలేదని ఇంతవరకూ ఏ రైతూ తిరిగి రాలేదు.

షాపు ముందర తొట్టిలో దించి తిప్పితే నీళ్ళు గోడకు కొట్టినాయి. టీ అంగడి కరుప్పుసామి తడిసి, "ఏం లోకనాథన్నా, దీంట్లో కూర్చొని మేట్టూరు డ్యాము దాకా పోతావా, నాకూ ఒక సీటు పెట్టు" అన్నాడు. కాయిల్‌కు పూసిన వార్నిష్ వాసన కొంచెం వచ్చింది. కొత్తది గదా.

ఆదివారం పొద్దున గుంటలో చూస్తాము. గౌరమ్మ నల్లంపల్లిలో పెండ్లికి పోతుంది. రిమోటు మోనిషా పట్టుకుంటుంది. కాలేజీ పిల్ల, దాని వేళ్ళు నా వేళ్ళ కంటే చురుకు. మోటారు సంగతులు దానికేమీ తెలియవు, ఆటబొమ్మను చూస్తామని మాత్రం చెప్పినాను. ముందుకు తొయ్, తిప్పు అంటే చాలు.

భయపడొద్దు.

అన్న

*

ధర్మపురి,
మార్చి 21, శనివారం.

ప్రియమైన అన్నకు,

పోస్టులో వేస్తే రేపటికి అందదు. పాలక్కోడు బస్సు కండక్టర్ ధర్మరాజ్ చేతికిస్తున్నాను. అందగానే విప్పు.

పద్నాలుగు అని చదవగానే మళ్ళీ లెక్క వేశాను. మన లైన్లో కరెంటు బలం తగ్గుతుంది కాబట్టి నువ్వు చుట్లు తగ్గిస్తావు. బ్యాటరీకి ఆ జబ్బు లేదన్నా. అది పూర్తి బలంతో తోస్తుంది. తక్కువ చుట్ల కాయిల్ ఆ బలాన్నంతా తీసుకుని వేడెక్కుతుంది. పెద్ద ప్రొపెల్లర్, తడిసిన తాడు, వీటితో పూర్తిగా తిప్పావంటే ఒక్క నిమిషం కూడా నిలవదు. తొట్టిలో వచ్చిన వాసన కొత్త వార్నిష్‌ది కాదు, కాలుతున్న వార్నిష్‌ది. నా కంటే ఆ వాసన నీకే బాగా తెలియాలి. తెలిసీ కాదనుకున్నావని నా భయం.

రేపు మానెయ్. మానవని తెలుసు. అందుకని ఇది మాత్రం చెయ్. రిమోటు పుల్లను సగం దాటనివ్వొద్దు. ఎంత తొందరైనా సగమే. వాసన వచ్చిందా, పూర్తిగా వదిలేసి పది లెక్కపెట్టి, మళ్ళీ సగం. ఈ మాట మోనిషాకు చెప్పు.

నిన్న ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. "అందరూ బాగున్నారా వదినా" అని పెట్టేశాను. ఆ మాట మింగినందుకు నన్ను నేను ఎన్నాళ్ళు తిట్టుకోవాలో రేపు తెలుస్తుంది.

నా లెక్క తప్పు కావచ్చు. తప్పైతే వచ్చి నా ముఖం మీదే నవ్వు. నవ్వడానికైనా రా.

శాంతి

*

మహేంద్రమంగళం,
మార్చి 23.

ప్రియమైన శాంతత్తకు,

చేతిరాత వేరేగా ఉందని భయపడొద్దు. నాన్న బాగుండాడు. పక్కనే కూర్చొని ఉండాడు. తాడు ఒరుసుకొని రెండు అరచేతులూ తోలు లేచినాయి, పెన్ను పట్టలేడు. నేను మోనిషాను. తెలుగులో ఇది నా మొదటి జాబు. తప్పులుంటే దిద్దుకొని చదువు.

మునియక్క పోయినప్పటి నుంచి నాన్న సరిగా తినలేదు. నీకు జాబులు రాసేది, నీ జాబులు తీగల పెట్టెలో దాచేది చూసి, ఏదో పెద్ద జబ్బు వచ్చిందని, మాకు చెప్పకుండా ఉండాడని అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. నీ జాబులు తీసి, ఫోన్లో అక్షరాలు చూసుకుంటా ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. అయిదు నెలలు పట్టింది. పడవ ఎందుకో నాన్న చెప్పకముందే నాకు తెలుసు.

శనివారం ధర్మరాజ్ అన్న ఇచ్చిన జాబును నాన్న విప్పలేదు. "మీ అత్తకు భయాలెక్కువ, పని అయినాక చదువుతా" అని పెట్టెలో వేసినాడు. నేను విప్పినాను. దొంగతనంగా చదివినట్టు తెలుస్తుందని నాన్నకు చెప్పలేకపోయినాను. అది నా తప్పు.

ఆదివారం పడవ గుంట మధ్యకు పోయింది. తాడు ఈ కొసను ఏటవాలు దారిలో దిగగొట్టిన ఇనుప మేకుకు కట్టినాము. తాడు పక్క బండకు తట్టుకుంది. విడిపించడానికి నాన్న ఆ అంచు మీదికి పోయినాడు. విడిపించినాడు. పాచి మీద కాలు పెట్టినాడు. చప్పుడు కూడా పెద్దగా రాలేదత్తా.

నేను పడవను తిప్పినాను. నాన్న మునిగి, లేచి, "ఫుల్లు తొయ్ పాపా, ఫుల్లు" అని అరిచినాడు. నా బొటనవేలు సగంలోనే ఉండె. అది ఎంత నిదానంగా పోయిందో రాయడానికి నా దగ్గర ఇంకా అన్ని మాటలు లేవు. దగ్గరికి పోయేటప్పుడు వాసన వచ్చింది. నువ్వు వదలమన్నావు. నాన్న తల కనబడకుండా పోతా ఉంటే వదిలినాను. పది లెక్కపెట్టినాను. అంత పొడుగు పది నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మళ్ళీ సగం తోస్తే కదిలింది. నాన్న చెయ్యి మొదట పడవ మీద పడింది, తరువాత తాడు మీద. ఏటవాలు దారి పక్కకు నేను లాగినాను.

ఇంటికొచ్చి మోటారు విప్పితే మూడు కాయిల్స్ నల్లగా ఉండె. నాన్న వేలితో ముట్టి వాసన చూసినాడు. "ఫుల్లు తోసి ఉంటే మధ్యలోనే నిలిచిపోయి ఉండేది. నీకెవరు చెప్పినారు పాపా?" అని అడిగినాడు. నీ జాబు చేతిలో పెట్టినాను. చదివి, నల్లబడిన తీగను విప్పడం మొదలుపెట్టినాడు.

అమ్మకు నేనే చెప్పినాను. నాన్నతో మాట్లాడడం లేదు. కానీ ఈ పొద్దు గుడ్డల మూట కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, నాన్నకు వినబడేటట్టు నన్నడిగింది, "ఆ పడవ ఎప్పటికి బాగవుతుందంట?"

అందుకే ఇప్పుడు నాన్న చెబుతా ఉంటే నేను చుడతా ఉండాను. ఒక్కొక్క చుట్టుకూ తెలుగులో లెక్క. పద్దెనిమిది అయినాయి. ఇంకో రెండు వెయ్యాల్నా, ఆపాల్నా అత్తా? "అనుమానముంటే అది కూడా రాయమను, ఈసారి అందగానే విప్పుతాను" అని నాన్న రాయమన్నాడు.

తీగ చేతిలో పట్టుకొని,
మోనిషా