ఇంటిపేరు లేని సిద్ధిరాములు

సిద్దిపేటలో నేతకారుల వీధి నివాసి, చిలువేరి రాజయ్య కుమారుడు చిలువేరి సిద్ధిరాములు, వయసు డెబ్బై ఒక్క ఏళ్లు, వృత్తి పూర్వం చేనేత, మతం క్రైస్తవం, అను నేను నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. నా మతి స్థిరంగా ఉంది. దస్తావేజులు రాసే దుబ్బయ్య మూడు ప్రశ్నలు అడిగి ఆ సంగతి తేల్చుకున్నాడు. మోకాళ్లు మాత్రం స్థిరంగా లేవు. చట్టానికి వాటితో పని లేదట.

1. ఇంతకు ముందు 1985లో రాయించిన వీలునామా నేటితో రద్దు. అందులో అబద్ధం లేదు, అసలు సంగతే లేదు. దీని అమలు బాధ్యత నా కోడలు ప్రమీలాదేవికి అప్పగిస్తున్నాను. ఆమె బడిలో పంతులమ్మ, రాసింది రాసినట్టు చదువుతుంది. నా కొడుకు కాశీనాథానికి ఇస్తే తనకు నచ్చని చోటల్లా దగ్గు వస్తుంది.

2. నా స్వార్జితమైన ఇంటిలో వీధి వైపు రెండు గదులు, వంటిల్లు, వెనుక బావి, జామచెట్టు కాశీనాథానికి చెందాలి. పడమటి గది సంగతి ఎనిమిదో అంశంలో ఉంది. బజారులో ఉన్న బట్టల దుకాణం వాడి కష్టం, దాని జోలికి నేను పోను. కాని దానికి 'జెండా వస్త్రాలయం' అని పేరు పెట్టుకున్నది నన్ను చూసి. వచ్చిన బేరగాళ్ల ముందు "మా బాపు జెండా నేసి జైలుకు పోయిండు" అని చెప్పి మరీ చీరలు విప్పుతాడు. నాలుగో అంశం చదివాక ఆ మాట మానుకోవాలి. బోర్డు ఉంచుకోవచ్చు. జెండా నేసింది నిజంగా నేనే.

3. నన్ను దహనం చేయవద్దు. చర్చి వాళ్ల శ్మశానంలో పాతిపెట్టాలి. మోయడానికి కులంవాళ్లు రాకపోతే బతిమాలవద్దు. 1962లో నేను బాప్తిస్మం తీసుకున్నప్పుడు కులపెద్దలు నన్ను పిలిపించి, కూర్చోమనకుండా మాట్లాడి పంపారు. అప్పటి నుంచి మా ఇంటికి పెళ్లి పిలుపు లేదు, చావు కబురు లేదు. నూలు ఇచ్చే షావుకారు "ఇగ నీకు మీ తెల్లదొరలిస్తరు తియ్యి" అన్నాడు. ఏడాది పాటు మగ్గం ఊరికే ఉంది. పాలపొడి కోసం చర్చిలో చేరానని వీధి అంతా అన్నారు. అన్నవాళ్లలో సగం మంది పోయారు, మిగిలిన సగాన్ని క్షమించడానికి ఇంకా ప్రయత్నం చేస్తున్నాను.

ఇవన్నీ నాకంటే నా భార్య బుచ్చవ్వను ఎక్కువ బాధించాయి. ఆమె మతం మారలేదు. ఏటా కొమురవెల్లి మల్లన్నకు బోనం చేసేది. పొద్దున బస్సు ఎక్కించి, సాయంత్రం ఆమె దిగేదాకా బస్టాండులో కూర్చునేవాణ్ని. తెచ్చిన ప్రసాదం నా చేతికి ఇచ్చేది కాదు. బల్ల మీద పెట్టి "తింటె తిను" అనేది. తినేవాణ్ని. ఎనిమిదేళ్ల కింద ఆమె పోయినప్పుడు ఆమె అన్నదమ్ములు నా మొహం చూడలేక గడప బయటే నిలబడ్డారు. ఆమె వెండి కడియాలు నా మనవరాలు, కాశీనాథం కూతురు కన్యకకు. తోమి తెల్లగా చేయవద్దు, ఆమె కాళ్లకు ఉన్నట్టే ఉండాలి.

4. ఈ అంశంలో ఆస్తి లేదు. "గిది వీలునామల రాసేది కాదు బాపూ" అని దుబ్బయ్య కలం కింద పెట్టాడు. నేను లేవబోతే మళ్లీ పట్టుకున్నాడు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు మాకు రాలేదు. మాది నిజాం రాజ్యం. ఢిల్లీలో ఎగిరిన జెండా మా ఇళ్లలో దొరికితే జైలే. నేను ఆ ఏడు ఒకే బట్టలో మూడు రంగులూ వచ్చేట్టు జెండా నేశాను, నడిమి చక్రం నీలిదారంతో కుట్టాను. అప్పుడు నా పడమటి గదిలో, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసే గుంటమగ్గాలు రెండు ఉండేవి. ఒకటి నాది. రెండోదాని మీద నా స్నేహితుడు నేసేవాడు. అతని పేరూ సిద్ధిరాములే. మా వీధిలో ఆ పేరు రెండిళ్లకు ఒకరికి ఉంటుంది, ఇంటిపేరుతో గుర్తుపడతాం. నేను చిలువేరి, అతను వంగరి.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం తుపాకులతో నిజాం పోలీసులు ఐదుగురు వచ్చి తలుపులో నిలబడ్డారు. ఎవరో నా పేరు చెప్పారు, ఇంటిపేరు చెప్పలేదు. "సిద్ధిరాములు ఎవడు?" అని అడిగారు. నేను గుంటలోకి వంగి తొక్కుడుచెక్క తాడు కట్టుకుంటున్నాను. జెండా నా మగ్గం దోనెకు, అంటే నేసిన బట్ట చేరే కర్రకు చుట్టి, పైన చీర బట్ట కప్పి ఉంది. నేను తల ఎత్తేలోపు వంగరి సిద్ధిరాములు లేచి "నేనే సిద్ధిరాములు" అన్నాడు. అది అబద్ధం కాదు. అతన్ని తీసుకుపోయారు. నేను గుంటలోనే ఉన్నాను. చీకటి పడేదాకా ఉన్నాను.

ఆరు నెలలకు అతను జైలులో చనిపోయాడు. శవం ఇవ్వలేదు. జ్వరం అని కబురు పంపారు. మరో నాలుగు నెలలకు నిజాం రాజ్యం పోయింది. నేను నేసిన జెండా వీధి మొగదల ఎగిరింది. జనం నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నేను దిగలేదు.

5. 1972లో స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండాయని ఊళ్లో సభ చేసి నాకు శాలువా కప్పారు, సన్మాన పత్రం ఇచ్చారు, వీధి చివర రాయి నిలబెట్టారు. జైలు కాగితాలలో 'సిద్ధిరాములు, నేతపని, సిద్దిపేట' అని ఉందట. జెండా నేసిన సిద్ధిరాములు నేనే కాబట్టి జైలుకు పోయిన సిద్ధిరాములు కూడా నేనే అని, మా వీధిని ఎరగని సభ పెద్దలు అనుకున్నారు, నేను కాదనలేదు. రాయి మీద 'సిద్ధిరాములు, ఆరు నెలల చెరసాల' అని చెక్కారు. సభలో మూడో వరుసలో వంగరి సిద్ధిరాములు భార్య పోచవ్వ కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. నాకు చప్పట్లు కొట్టింది.

పింఛనుకు దరఖాస్తు పెట్టమని చాలామంది చెప్పారు. పెట్టలేదు. ఆ మాత్రం సిగ్గు మిగిలింది, అంతకు మించి లేదు.

కావున ఆ రాయి మీద పేరుకు ముందు 'వంగరి' అని చెక్కించాలి. చోటు ఉంది, నేను చేతితో కొలిచాను. నా గడియారం, సైకిల్ అమ్మి ఆ పని చేయించాలి. సన్మాన పత్రం ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. శాలువాను చిమ్మటలు తినేశాయి. నేను చాలా ఏళ్ల కిందనే ఎండకు వేయడం మానేశాను.

6. చర్చి పాస్టరు దైవసహాయానికి నా పెద్దక్షరాల బైబిలు, గొడుగు. మంచి కుర్రవాడు, కాని ప్రసంగం ఎక్కడ ఆపాలో తెలియదు.

నేను చర్చికి ఎందుకు పోయానో ఇన్నేళ్లలో ఎవరూ సరిగా అడగలేదు. ఒక మాట కోసం పోయాను. నిజాం రాజ్యం పోయిన రోజును మావాళ్లు విమోచన అంటారు. చర్చి గోడ మీదా విమోచన అని రాసి ఉండేది. ఊళ్లో దొరికిన విమోచన నన్ను గుంటలోనే ఉంచింది, ఇక్కడిదైనా పైకి తీస్తుందేమో అనుకున్నాను. లోపల కూర్చుంటే అక్కడా అదే సంగతి. నీ బదులు ఒకడు చనిపోయాడు, నీకు విడుదల అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పశ్చాత్తాపం అనుకుని సంతోషించారు. నాకు రెండు విమోచనలు దొరికాయి. రెండింటికీ వెల నేను కట్టలేదు.

బాప్తిస్మం నాడు నాకు కొత్త పేరు పెట్టబోతే వద్దన్నాను. ఆ పేరు నా ఒక్కడిది కాదు. తడిబట్టలతో ఇంటికి వస్తే బుచ్చవ్వ గడపలో నిలబడి ఉంది. ఆ కార్తీక మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉంది, అన్నీ విన్నది. "పాపం కడుక్కుంటానికి గంత దూరం పోయి నీళ్లల్ల మునిగితివి. పోచవ్వ ఇల్లు నాలుగిండ్ల అవతలనే ఉండె. గాడికెందుకు పోకపోతివి?" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. నేనూ పోలేదు. పోచవ్వ 1980లో చనిపోయింది.

మొన్న గుడ్ ఫ్రైడే నాడు పాస్టరు బరబ్బ గురించి చెప్పాడు. యేసును సిలువకు పంపి, జైలులో ఉన్న బరబ్బను విడిచిపెట్టారు కదా. కొన్ని పాత ప్రతులలో బరబ్బ పేరు కూడా యేసే అని ఉందని చెప్పాడు. ఇద్దరిదీ ఒకే పేరు. నేను లేచి బయటకు వచ్చాను. చెప్పులు అక్కడే మరిచాను. విడుదలయ్యాక బరబ్బ ఏం చేశాడో ఎక్కడా రాయలేదట. నన్ను అడిగితే చెప్పేవాణ్ని. పిల్లల్ని కన్నాడు, శాలువా కప్పించుకున్నాడు, ముసలివాడయ్యాడు.

చెప్పులు ఇవ్వడానికి పాస్టరు మా ఇంటికి వస్తే నాలుగో అంశం అంతా చెప్పాను. "తాతా, మీ దోస్తు పేరు పొరపాటున పోయిండు. మన ప్రభువు తెలిసి పోయిండు. రెండూ ఒకటి కావు. మీరు మనసుకు పెట్టుకోకండ్రి" అన్నాడు. నేను తల ఊపాను. అదీ అబద్ధమే. ఎనిమిదో అంశం చూడండి.

7. జెండా నా ట్రంకు పెట్టెలో ఉంది. కాషాయం వెలిసింది, ఆకుపచ్చ ఇంకా నిలిచింది. నా శవం మీద దాన్ని కప్పకూడదు. ఎవరైనా పెద్దమనుషులు ఇంకో జెండా తెచ్చి కప్పబోయినా కాశీనాథం అడ్డం నిలబడాలి. వాడు నాకు చేసే కర్మకాండ అదే అనుకుంటాను. రాయి మీద ఇంటిపేరు చెక్కిన రోజు నా జెండా ఒక్కపూట అక్కడ ఎగరాలి. తర్వాత ప్రమీల బడికి ఇవ్వాలి.

8. పడమటి గది, అందులోని మగ్గం సహా, వంగరి సిద్ధిరాములు ఏకైక కూతురు కొండవ్వకు సర్వహక్కులతో రాస్తున్నాను. తండ్రిని తీసుకుపోయిన నాటికి ఆమెకు ఆరేళ్లు. ఇప్పుడు యాభై. పెనిమిటి మరమగ్గాల పనికి భీవండికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మా వీధిలోనే నూలు కండెలు చుట్టి బతుకుతుంది. నన్ను కాకా అంటుంది. పండుగలకు నేను చీర పెడితే కళ్లకు అద్దుకుంటుంది. అదే నాకు అన్నిటికంటే పెద్ద శిక్ష.

చిన్నప్పుడు ఒకసారి "కాకా, మా బాపు మల్ల ఎందుకు రాలే?" అని అడిగింది. "జరమొచ్చి పోయిండు బిడ్డా" అన్నాను. ఇప్పుడు మిగతాది చెబుతున్నాను. నీ తండ్రి పేరు పొరపాటున పోలేదు. నలభై నాలుగేళ్లుగా పొరపాటే అని నాకు నేను చెప్పుకున్నాను, పాస్టరునూ అదే అననిచ్చాను. వాళ్లు రెక్క పట్టుకుని లాగుతుంటే నీ తండ్రి వెనక్కి తిరిగి నాతో ఒక మాట అన్నాడు. "ఓ పెద్దయ్యా, నా మగ్గం మీద పోగు తెగింది. జర ముడెయ్యి, నేనొస్త."

నేను పెద్దయ్యను కాను. ఆ గదిలో పెద్దయ్య అనేవాడు ఎవడూ లేడు. నా పేరు వాళ్ల చెవిన పడకుండా నాకు ఇంకో పేరు పెట్టి పోయాడు. అన్నీ తెలిసే పోయాడు.

అతని నాడె, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే ఆ చిన్న చెక్కపడవ, నా దగ్గర ఉంది. అది నాది కాదు కనుక వీలునామాలో రాసి ఇచ్చే హక్కు నాకు లేదు. ఈ రోజే తిరిగి ఇస్తున్నాను.

9. ఈ అంశం తర్వాత చేర్చింది. చనిపోయాక తెలిసేట్టు నిజం చెప్పడం కూడా గుంటలో దాక్కోవడమే అనిపించి, ఈ రోజు పొద్దున కొండవ్వను పిలిపించి, ఎదురింటి ఉప్పలయ్య సమక్షంలో మొత్తం దుబ్బయ్యతో చదివించాను. ఆమె గోడకు ఆనుకుని విన్నది. ఏడవలేదు. చదవడం అయ్యాక "సాచ్చులు ఎవలు?" అని అడిగింది. ఒకరు ఉప్పలయ్య, రెండోవాడు ఇంకా రాలేదన్నాడు దుబ్బయ్య. "నేను పెడ్త" అంది.

దుబ్బయ్య కంగారుపడ్డాడు. "అట్ల కుదరదవ్వా. మనోళ్ల వీలునామకైతే నడుస్తది. కాకా కిరస్తానమాయె. వాళ్లకు వేరే చట్టం. సాచ్చి పెట్టినోళ్లకు రాసిన ఆస్తి చెల్లదు. గది పోతది నీకు."

"పోనీ" అంది కొండవ్వ. "మా బాపు పేరు ఇంటిపేరుతోని రాసిన కాయిదం నేను పుట్టినంక గిదొక్కటే చూస్తున్న. దీని మీద నా ఏలు పడాలె."

కనుక ఎనిమిదో అంశంలోని గది చట్ట ప్రకారం కాశీనాథానికే పోతుంది. కాశీనాథం, ఏం చేస్తావో చూడటానికి నేను ఉండను. కన్యక ఉంటుంది.

నన్ను క్షమించావా అని కొండవ్వను అడగాలనుకున్నాను. ఆమె నాడెను కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుని నన్నే ఒక మాట అడిగింది.

"గా పోగు ముడేసినవా కాకా?"

వేయలేదని చెప్పాను.

పై తొమ్మిది అంశాలు నాకు చదివి వినిపించగా సరి అని ఒప్పుకుని, సిద్దిపేటలో, 1992 ఏప్రిల్ 28, మంగళవారం నాడు, నా పూర్తి పేరుతో చేసిన సంతకం:

చిలువేరి సిద్ధిరాములు

రాసినవాడు: దుబ్బయ్య, దస్తావేజు లేఖరి

సాక్షులు:

1. ఉప్పలయ్య, ఎదురింటి కాపురస్థుడు (సంతకం)

2. వంగరి కొండవ్వ, జెండా కేసులో జైలులో చనిపోయిన వంగరి సిద్ధిరాములు బిడ్డ (ఎడమచేతి బొటనవేలి నిశాని)