బోర్డు ముందు బావ చెయ్యి

బోనకల్

శ్రీశైలం బామ్మర్దికి,
మిర్చితోట, నేను, మీ అక్క ఇదే వరసలో క్షేమం.

ఫోన్లో మాటలు రికార్డయితయంట, అందుకే ఉత్తరం. మొన్న పెండ్లి బంతిలో నీ కుడిచెయ్యి మెలితిరిగి, వేళ్లు ముడుచుకొని, నిమిషంల మామూలైంది. ఏం నటన! బొగ్గుబాయిల అన్‌ఫిట్ రాయించుకుంటే నీ ఉద్యోగం అరుణశ్రీకొస్తది. బిడ్డ కోసం మంచి ఉపాయమే పన్నినవ్.

ఇట్లు, నీ బావ దూలయ్య

తా.క.: పప్పుచారు మీ అక్క చీర మీద పోసుడు మాత్రం ఎక్కువైంది.

పినపాక

దూలయ్య బావకు దండాలు.

నటన కాదు బావా. దినాం శానాసార్లు వస్తంది, ప్రాణం పోయినంత నొప్పి. హైదరాబాదుల మెదడు స్కానింగ్ తీయించుకొమ్మన్నరు. అటెన్క కంపెనీ మెడికల్ బోర్డు పిలుస్తదంట. అన్‌ఫిట్ అంటరేమోనని నా భయం. నాకు పని వదలబుద్ధి లేదు, అరుణశ్రీ నర్సింగ్ చదువుతనంటంది. స్కానింగుకు తోడొస్తవా? ఒక్కణ్నే పోవాలంటే గుండె దడగుంది.

నీ శ్రీశైలం

తా.క.: అక్కకు చీర కొనిస్త.

బోనకల్

బామ్మర్దీ, శభాష్!

సొంత బావకు గూడ ఒప్పుకోవు. గట్లనే ఉండాలె. కానీ ఎవరూ చూడనప్పుడు గూడ చేస్తున్నవంట, తాకత్ దాచుకో. స్కానింగుకు రాను, మిర్చి కోతలున్నయి. బోర్డు నాడు తప్పక వస్త.

నీ మేలు కోరే బావ

తా.క.: అద్దం ముందు నేను గూడ చేసి చూసిన. నీకన్న బాగొస్తంది.

పినపాక

బావకు,

స్కానింగుకు అరుణశ్రీ తోడొచ్చింది. మెదడుల మచ్చలున్నయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంట. ఒంటిని కాయాల్సిన తాకతే నరాల మీది పొరను కొరుకుతదంట. గిట్ల చెయ్యి మెలితిరుగుడు తొలి గుర్తుగ వచ్చేది తక్కువమందికేనంట. అసలు రోగానికి మందు మొదలుపెట్టిండ్రు. చేతికిచ్చిన చిన్న గోలీతో మెలితిరుగుడు ఆగింది.

అందుకే బోర్డు నాడు డాక్టరు "ఎట్ల వస్తది?" అంటే నాకు రాలేదు. నేను సంబరపడుతుంటే నువ్వు తలుపు తోసుకొచ్చి "గిట్ల వస్తది సార్" అని మెలితిప్పినవ్. నిన్ను బల్ల మీద పండుకోబెట్టబోతే ఉరికినవ్. ఆయన ఏమన్నడో తెలుసా? "చెయ్యి సరిగ్గనే తిప్పిండు. కానీ నవ్వుకుంట తిప్పిండు. నిజంగ వచ్చినోడు నవ్వలేడు."

నా చెయ్యిని అంత బాగ చూసినవ్ బావా, నా మొకం చూడలే. దానికే బాధపడ్డ.

బాయి దిగొద్దు, పైన పనికి ఫిట్ అన్నరు.

శ్రీశైలం

తా.క.: చీర పంపిన. ఆకుపచ్చది.

బోనకల్

బామ్మర్దికి,

తప్పైంది. ఇకమీదట నువ్వు దవాఖానాకు పోయినప్పుడల్లా నేనే తోడొస్త. మిర్చి ఎక్కడికీ పోదు.

దూలయ్య

తా.క.: అద్దం ముందు తిప్పి తిప్పి నా చెయ్యి పట్టేసింది. అన్నం గూడ ఎడంచేత్తోనే తింటున్న. కొత్తచీర కట్టుకొని మీ అక్క అంటంది, "అచ్చం మా తమ్ముని లెక్కనే చేస్తున్నవ్" అని.