ఉప్పు మానేసిన జెర్కో

జనవరి 9

జెర్కోని ఈ రోజు పూడ్చిపెట్టారు. అరవై రెండేళ్లు. పెట్టెలో అతని ముఖం ఆగస్టు ఎండలో వారం రోజులు పడవ నడిపి వచ్చినట్టు గోధుమరంగులో ఉంది. పోయినా ఎంత కళగా ఉన్నాడో చూడండి అని ఊరంతా మెచ్చుకున్నారు. నేనూ తలూపాను.

మూడు రోజులు వాంతులు. బూరా అనే చలికాలపు పెనుగాలికి ఓడలు ఆగిపోయాయి, హెలికాప్టర్ రాలేనంది. సర్టిఫికెట్‌లో గుండె ఆగిందని రాశాను. ఇంకేముంటుంది?

కానీ జనవరిలో అంత ఎండ ఎక్కడిది?

జనవరి 10

జెర్కో ఫైలు తీశాను. తెరవకుండానే మళ్లీ పెట్టేశాను.

జనవరి 14, ఉదయం 11

జెర్కో భార్య వింకా వచ్చింది. తలుపు వేసి మరీ చెప్పింది. డాక్టరమ్మా, ఆయన్ని చంపుకున్నది నేనే. పోయే ముందు రోజు ఒక్క ఉప్పుచేప పెట్టవే అని చిన్నపిల్లాడిలా బతిమాలాడు, మీరు వద్దన్నా పెట్టాను, తెల్లారేసరికి లేడు, అంది.

ఈ దీవిలో పదకొండేళ్లుగా నేనొక్కదాన్నే డాక్టర్ని. ప్రతి ఇంట్లో పీపాడు ఉప్పేసిన సార్డీన్ చేపలు, ప్రతి ఇంట్లో బీపీ. ఎవరొచ్చినా ఉప్పు మానమంటాను. ఉప్పు డాక్టరమ్మ అని నా వెనక నవ్వుకుంటారు. ఎవరూ వినరు. జెర్కో ఒక్కడే విన్నాడు.

ఒక్క చేపకి ఎవరూ పోరు వింకా అన్నాను. మీరు మంచివాళ్లు కాబట్టి అలా అంటారు అంది. నమ్మలేదు.

జనవరి 21

జెర్కో చెల్లెలు టోంకా వచ్చింది. నీరసం, లేస్తే కళ్లు తిరగడం, ఒళ్లు సగమైపోయింది. నర్సు డోబ్రిలా ఊరుకుంటుందా? ఏమ్మా, చలికాలంలో ఎక్కడ ఎండ కాచుకొచ్చావ్, ఆ చోటేదో మాకూ చెప్పొచ్చుగా అంది. టోంకా నవ్వింది. ఎండా లేదు, పాడూ లేదు. పీపాలో ఉప్పునీళ్లు గ్లాసుతో తాగితే తప్ప లేచి నిలబడలేకపోతున్నాను. తిట్టకండి డాక్టరమ్మా, మా అన్నకీ ఇదే పిచ్చి ఉండేది, మీరొద్దన్నారని పాపం మానేశాడు, అంది.

చెయ్యి చూపించమన్నాను. అరచేతి గీతలు నల్లగా ఉన్నాయి. చిగుళ్ల మీద నల్లమచ్చలు. బీపీ 85. 

అడిసన్ జబ్బు. మూత్రపిండాల మీదుండే గ్రంథులు చచ్చుబడతాయి. ఒంట్లో ఉప్పు నిలవదు, చర్మం నల్లబడుతుంది. మామూలు డాక్టరు జీవితం మొత్తంలో ఒక కేసు చూస్తే గొప్ప. నేను రెండు చూశాను. మొదటిదాన్ని చూసి, కళగా ఉన్నాడంటే తలూపాను.

రక్తం తీసి, స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, మధ్యాహ్నం ఓడలో స్ప్లిట్ నగరంలోని పెద్దాసుపత్రికి పంపించాను.

జనవరి 22

స్ప్లిట్ నుంచి ఫోన్. ఆ గ్రంథులు చేసే హార్మోన్, కార్టిసాల్, దాదాపు సున్నా. టోంకా లేచి కూర్చుందట, సూప్‌లో ఉప్పు తక్కువైందని వంటవాళ్లతో గొడవ పెట్టుకుంటోందట.

జెర్కో ఫైలు తెరిచాను. మేలో బీపీ 150. ఆగస్టులో 120. నవంబరులో 95. బీపీ మాత్ర ఎప్పుడో ఆపేశాను. కళ్లు తిరుగుతున్నాయన్నాడు, అలవాటవుతుందిలే అన్నాను. నవంబరు అంకె పక్కన నా దస్తూరీతో ఒక మాట ఉంది. శభాష్!

జనవరి 23

నవంబరులో ఆ రోజు జెర్కో వెళ్తూ వెళ్తూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ అరచెయ్యి నేను చూడలేదు.

జనవరి 30

వెయిటింగ్ రూములో కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంటోంది. నాకు మాత్రం జెర్కో అక్కడే ఉన్నాడు. తర్వాతివాళ్లు రండి అంటే లేస్తాడు. లేవగానే తూలుతాడు. ఇవాళ రెండుసార్లు పట్టుకోబోయాను. డోబ్రిలా చూసింది.

జరిగిందేదో జరిగింది, నోరు మూసుకోమంది. చెప్తే మిమ్మల్ని తరిమేస్తారు, ఇంకో డాక్టరు ఈ రాళ్లగుట్టకి వస్తాడా అంది. తనే ఇంకోటి చెప్పింది, వింకా చేపల పీపా సముద్రంలో పారబోసిందట. తిండి మానేసి, ఆ చేప పెట్టిన చెయ్యి ఇదే అని అందరికీ చూపిస్తోందట.

ఫిబ్రవరి 2

వింకా ఇంటికి వెళ్లి చెప్పేశాను. నీ చేప చంపలేదు. ఆయన ఒళ్లు ఉప్పు కోసం ఏడ్చింది, నేను వద్దన్నాను. తప్పు నాది.

 వింకా ఒకటే అడిగింది. అయితే ఇంకో నాలుగు చేపలు పెట్టుంటే బతికేవాడా?

అప్పటికి చేపలతో సరిపోదు, ఇంజెక్షన్ కావాలి అన్నాను. అది ఎక్కడ దొరుకుతుంది అంది.

ఆ రోజు నేను మీ ఇంటికి తెచ్చిన సంచిలోనే ఉంది అన్నాను.

వెళ్లమనలేదు. లేచి తలుపు తీసి నిలబడింది.

ఫిబ్రవరి 19

వింకా వచ్చింది. వరసలో తన వంతు దాకా కూర్చుంది. చెయ్యి చాపింది. బీపీ 180. ఏం చెప్పాలో తెలుసు. బీపీ పట్టీ విప్పి మడత పెట్టాను.

చెప్పండి డాక్టరమ్మా అంది. నేను కూడా వింటాను.