నెప్ట్యూన్ మీద ఎండాకాలం

సైన్సు మేడమ్ గారికి,

ఐదో తరగతి ప్రసన్న వాళ్లమ్మను. సంగం నుంచి నమస్కారం పెట్టి రాస్తున్నాను. మర్రిపాడు మెట్టలో గడ్డి ఎండిపోయింది. ఏటా లాగే గొర్రెలను తోలుకుని ఇక్కడి కోసిన వరిమళ్లకు వచ్చాము. ఎరువు కోసం రైతులే పిలిచి పొలంలో మంద పెట్టించుకుంటారు. పిల్లను ఊళ్లో వదలడానికి ఇంట్లో ఎవరూ లేరు.

పరీక్షలో గొర్రె ఆవాసం ఏదని అడిగితే పాప "వానాకాలం మర్రిపాడు, ఎండాకాలం సంగం" అని రాసింది. మీరు ఎర్రసిరాతో తప్పు పెట్టారు. చదువుకున్నవారు, కాదనను. మా గొర్రెలనడిగితే మాత్రం అదే చెబుతాయి.

నెల దాటి బడికి రాకపోతే పేరు కొట్టేస్తారని పక్కింటామె ఫోన్ చేసింది. అప్పటి నుంచి పాప సరిగా అన్నం తినడం లేదు. పుస్తకం వెంట తెచ్చుకుంది. నిన్న గొర్రెపిల్లకు పాలు పట్టిస్తూ మీరు చెప్పిన పాఠమే నాకు చెప్పింది.

"అమా, నెప్ట్యూన్ మీద ఎండాకాలం నలభై ఏండ్లు ఉంటాదంట. ఆడ మంద తోలుకోని పోయినోళ్లు ముసిలోళ్లయినాకే ఇంటికొస్తారు గదా?"

మాది నాలుగు నెలలే మేడమ్. పరీక్షలకు నేనే బస్సులో తీసుకొస్తాను. తొలకరి పడగానే అందరం వచ్చేస్తాం. అంతవరకూ దాని పేరు ఉండనివ్వండి.

నేనూ ఐదో తరగతిలోనే మా నాయన మంద వెంట ఇలాగే వచ్చాను. తిరిగి వెళ్లేసరికి హాజరు పట్టీలో నా పేరు లేదు. ఆ ఎండాకాలం నాకింకా అయిపోలేదు.