జనగామకు ఎనిమిది మంచాలు

సికింద్రాబాద్,
20 ఆగస్టు 1948

ప్రియమైన భద్రయ్యకు,

మీ జనగామ దవాఖానకు ఎనిమిది ఇనుప మంచాలు నిన్న రైలుకెక్కించాను. సెలైన్ సీసా పట్టుకుని మనిషి గంటలకొద్దీ నిలబడాల్సి వస్తోందని రాశావు కదా, అందుకే తలవైపు మంచానికే కడ్డీ అతికించి, పైన కొక్కెం పెట్టాను. కాళ్లవైపు పిడి తిప్పితే రోగి వీపు లేస్తుంది.

ఇక నా తక్లీఫ్. తమ్ముడు ఇమామ్ రజాకార్లలో చేరాడు. వద్దన్నాను. "నువ్వు ఇనుము కొట్టుకో, నా ముచ్చట నీకెందుకు?" అన్నాడు. మీవైపే తిరుగుతున్నాడట. కనిపిస్తే రాయి. అమ్మ అన్నం ముట్టడం లేదు.

నీ
అల్లాఉద్దీన్

జనగామ,
6 సెప్టెంబరు

ప్రియమైన అల్లాఉద్దీన్‌కు,

మంచాలు చేరాయి. పన్నెండేళ్ల కంపౌండరు పనిలో నా చేతులకు ఇంత సుఖం ఎరగను.

పోయిన శుక్రవారం మా మామ వీరయ్య ఇంటిమీద గుంపు పడింది. వడ్ల కొట్టు తగలబెట్టి, అడ్డం వచ్చిన మామను కొట్టి చంపారు. నా భార్య బుచ్చమ్మ ఆనాటినుంచి ఎవరితోనూ మాట్లాడడం లేదు.

ఇమామ్ నాకు కనబడలేదు. అమ్మకు చెప్పు.

భద్రయ్య

సికింద్రాబాద్,
4 అక్టోబరు

ప్రియమైన భద్రయ్యకు,

మామ సంగతి చదివాక జవాబు మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. అంతలో యూనియన్ సైన్యం వచ్చింది, టపా ఆగింది. మారేడ్‌పల్లి దగ్గరి మా కార్ఖానా మూతపడింది. ఇమామ్ కోసం వచ్చినవాళ్లు ఇల్లంతా వెతికిపోయారు. అమ్మది ఒక్కటే మాట: "ఉన్నడా, లేడా, గదొక్కటి చెప్పమను." ఏదైనా సరే, నిజం రాయి.

నీ
అల్లాఉద్దీన్

జనగామ,
11 అక్టోబరు

ప్రియమైన అల్లాఉద్దీన్‌కు,

నీకు అబద్ధం రాశాను. ఆ గుంపులో ఇమామ్ ఉన్నాడు. మామను అతడు కొట్టలేదు, ఆపనూ లేదు. నన్నూ బుచ్చమ్మనూ గుంపు వాకిలి బయటే ఆపేసింది; నన్ను చూసి అతడు తల తిప్పుకున్నాడు.

సైన్యం వచ్చిన మూడోనాడు అతణ్ణి కడుపులో కత్తిపోటుతో దవాఖానకు తెచ్చారు. నరానికి సూది గుచ్చాను. సీసా ఎత్తి కొక్కేనికి తగిలిస్తే చాలు. నా చెయ్యి లేవలేదు. అలాగే నిలబడిపోయాను.

నాకు అన్నం తెచ్చిన బుచ్చమ్మ అది చూసింది. అతణ్ణీ గుర్తుపట్టింది. నా చేతిలోంచి సీసా తీసుకుని తనే తగిలించింది. "మా నాయనకు గుక్కెడు నీళ్లు పోసే దిక్కు సుత లేకుండె" అన్నది. పదిహేను రోజులకు ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

ఇమామ్ బతికాడు. పిడి తిప్పితే ఆనుకుని కూర్చుంటున్నాడు. కోలుకున్నాక పోలీసులు తీసుకెళ్తారు. నేను అడ్డుపడను. ఇన్నాళ్లూ నీకెందుకు రాయలేదంటే, అతడి సంగతి రాస్తే నా సంగతీ రాయాలి.

అమ్మను తీసుకుని రా. దవాఖానకు పోకముందు ఇద్దరూ మా ఇంటికి రండి. బుచ్చమ్మ రమ్మంది. మిమ్మల్ని ఏమడుగుతుందో నాకు తెలియదు.

నీ
భద్రయ్య