ఆయన గాలపుకర్ర ఎవరూ ముట్టుకోవద్దు

కెప్టెన్ లోవెల్ గారికి,

మా ఆయన గిల్బర్ట్ సోమవారం శాన్‌డియాగోలో మీ పడవ ఎక్కుతున్నారు. పోయిన ఏడాది మూడు వందల పౌండ్ల బరువున్న ట్యూనా చేప గాలానికి పడినప్పుడు "బాబోయ్, నా భుజం!" అని ఆయన అరిస్తే, మీ పడవ కుర్రాడు నేటో జాలిపడి గాలపుకర్ర అందుకున్నాడు. ఇంకొకరి చెయ్యి పడిందని ఆ చేప రికార్డుల్లో ఆయన పేరున ఎక్కలేదు. అప్పట్నుంచీ నేను అదే వండుతున్నాను. ఆయన మాత్రం కంచం జరిపేసి, "ఇది నేటోగాడి చేప, నువ్వే తిను" అంటారు.

ఈసారి ఎంత అరిచినా ఎవరూ సాయం వెళ్ళొద్దని మనవి. ఇదే ఆయన ఆఖరి వేట. భుజానికి ఆపరేషన్ జనవరిలో ఎలాగూ ఖాయం చేశాను.

ఫ్రీజర్ కూడా ఖాళీ చేశాను. మిగిలిన చేప ఈ ఉత్తరంతో పంపుతున్నాను, నేటోకి ఇవ్వండి.

ఇట్లు,
గిల్బర్ట్ భార్య